కుండీలో మల్లెకు మూడో ఏడు

మొదటి వేసవి బాగానే గడుస్తుంది. ఫిబ్రవరిలో నర్సరీ నుంచి తెచ్చిన గుండుమల్లె ఏప్రిల్ కల్లా మొగ్గ తొడుగుతుంది, సాయంత్రమయ్యేసరికి బాల్కనీ అంతా గుబాళిస్తుంది. రెండో వేసవిలోనూ పూస్తుంది గానీ అంత విరివిగా కాదు. మూడో ఏడు వచ్చేసరికి కొమ్మలు ముదిరి పుల్లలవుతాయి, ఆకు చిన్నదవుతుంది, లేతాకు పసుపు తిరుగుతుంది, పూలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి. ఈలోపు మనం నీళ్లు పోయడం మానలేదు, ఎరువు వేస్తూనే ఉన్నాం, కుండీని ఉన్నచోటు నుంచి కదల్చలేదు. దిష్టి తగిలిందంటారు ఒకరు, మొక్క జాతే మంచిది కాదంటారు మరొకరు. అదే మల్లె మైలవరం చుట్టుపక్కల చేలల్లో ఏళ్ల తరబడి విరగబూస్తుంది.

మల్లె ఒక్కటే కాదు. మందారం, కరివేపాకు, నందివర్ధనం, నిమ్మ లాంటి బహువార్షికాలన్నిటిదీ బాల్కనీలో ఇదే వరస. బంతి, తోటకూర లాంటివి ఒక్క సీజనులో పని ముగించుకుని పోతాయి. కుండీలోని లోపాలు బయటపడేలోపే వాటి ఆయువు తీరిపోతుంది. ఏళ్ల తరబడి ఉండే మొక్క మాత్రం వాటన్నిటినీ అనుభవిస్తుంది. ఆ లోపాలేమిటో తెలియాలంటే మొక్కను కుండీలోంచి బయటికి తీసి చూడాలి.

ముందు రోజు నీళ్లు పోసి పదును చేసుకుని, కుండీని పక్కకు వాల్చి, అంచు మీద అరచేత్తో నాలుగు దెబ్బలు కొట్టి, మొదలు పట్టుకుని మెల్లగా లాగితే మట్టిగడ్డ కుండీ ఆకారంలోనే ఊడి వస్తుంది. మూడేళ్ల గడ్డలో మట్టి కంటే వేళ్లే ఎక్కువ కనిపిస్తాయి. గోడకు ఆనుకున్న భాగమంతా అల్లుకుపోయి, అడుగున చుట్టలు చుట్టుకుని ఉంటాయి. అడుగు రెండంగుళాల మట్టి నల్లగా, జిగటగా ఉండి మురుగు వాసన కొడుతుంది. గడ్డను చీలిస్తే నడుమ నర్సరీ వాళ్లు కవర్లో నింపిన ఎర్రమట్టి ముద్ద అప్పటి ఆకారంలోనే, వేలు దిగనంత గట్టిగా ఉంటుంది. నిన్న పోసిన నీళ్లు దాన్ని తాకనే లేదు. పైన చూస్తే, అంచుకు అంగుళం కిందిదాకా నింపిన మట్టి ఇప్పుడు నాలుగంగుళాలు దిగిపోయి ఉంది. కుండీ అంచు చుట్టూ తెల్లటి పొర కట్టింది. మూడేళ్లలో లోపల ఏం జరిగిందో ఈ ఆనవాళ్లే చెబుతాయి.

అడుగున ఉన్న నల్లమట్టితో మొదలుపెడదాం. కుండీకీ నేలకూ ఉన్న అసలు తేడా అక్కడే ఉంది. నేల మీద నీళ్లు పోస్తే అవి కిందికి దిగుతూ పోతాయి, ఎందుకంటే కింద ఇంకా మట్టి ఉంది, దాని కిందా మట్టే. రేణువుల మధ్య సన్నటి సందులు నీటిని పట్టుకుంటాయి. దిగువనున్న పొడిమట్టి ఆ నీటిని తన వైపు లాక్కుంటుంది. కుండీలో అలా లాగే మట్టి లేదు. అడుగు రంధ్రం దగ్గర మట్టి ఆగిపోయి గాలి మొదలవుతుంది, గాలి నీటిని లాగదు. పైనుంచి దిగిన నీరు రంధ్రం దాకా వచ్చి, దాని ఒత్తిడి సందుల పట్టును మించినప్పుడే చుక్కలుగా రాలుతుంది. మించనంత నీరు అడుగునే నిలిచిపోతుంది. రంధ్రాలు ఎన్ని పెట్టినా ఈ నిలవ నీటి పొర పోదు.

ఇది కంటితో చూడాలంటే గిన్నెలు తోమే స్పాంజి చాలు. నీళ్లలో ముంచి, పిండకుండా, అరచేతుల మీద పడుకోబెట్టి పట్టుకోండి. కాసేపటికి నీరు కారడం ఆగిపోతుంది. ఇప్పుడు దాన్నే నిలువుగా పట్టుకుంటే మళ్లీ కారుతుంది. స్పాంజి అదే, సందులూ అవే, ఎత్తు మాత్రం పెరిగింది. పైభాగం ఆరి, అడుగు తడిసి ఉంటుంది. కుండీలోనూ అంతే. తడి పొర మందం మట్టి ఎంత మెత్తనిదో దాన్ని బట్టి ఉంటుంది గానీ కుండీ ఎత్తుతో దానికి పనిలేదు. ఒకే మట్టి నింపితే ఎనిమిదంగుళాల తొట్టిలోనూ పద్దెనిమిదంగుళాల కుండీలోనూ అడుగున నిలిచే నీటి మందం ఒక్కటే. లోతు తక్కువ తొట్టిలో అది చాలా చోటు ఆక్రమిస్తుంది. లోతైన కుండీలో వేళ్లకు పైన బోలెడు చోటు మిగులుతుంది. అందుకే ఏళ్లపాటు ఉంచుకునే మొక్కకు వెడల్పు తొట్టి కంటే లోతున్న కుండీ నయం.

ఇక్కడే ఒక పాత అలవాటును వదిలించుకోవాలి. నీరు బాగా పోతుందని కుండీ అడుగున గులకరాళ్లో ఇటుక ముక్కలో రెండు మూడంగుళాలు పరుస్తుంటారు. మెత్తటి మట్టి సందుల్లో పట్టుబడిన నీరు రాళ్ల మధ్య ఉన్న పెద్ద ఖాళీల్లోకి తేలిగ్గా దిగదు. కాబట్టి నిలవ నీటి పొర కుండీ అడుగు నుంచి లేచి రాళ్ల మీదికి చేరుతుంది, వేళ్లకు మరింత దగ్గరవుతుంది. మట్టి జారకుండా రంధ్రం మీద ఒక పెంకు ముక్కో, జాలీ ముక్కో పెడితే సరిపోతుంది. ఇటుక ముక్కలు ఉన్నాయనుకుంటే బఠాణీ గింజంత చేసి మట్టి మొత్తంలో కలపండి. అప్పుడు సందులే పెద్దవవుతాయి, నిలవ పొర పలచబడుతుంది.

నీరు నిలిస్తే వేరుకేం నష్టం అంటే, వేరు కూడా ఊపిరి పీలుస్తుంది. ఆకు నుంచి దిగివచ్చిన చక్కెరను ఆక్సిజన్‌తో కలిపి ఖర్చు చేస్తేనే కొత్త కొనలు సాగడానికీ, లవణాలను లోపలికి తీసుకోవడానికీ దానికి శక్తి వస్తుంది. సందుల్లో గాలి ఉన్నప్పుడు ఆక్సిజన్ తేలిగ్గా అందుతుంది. అవే సందులు నీటితో నిండితే ఆక్సిజన్ కదలిక సుమారు 10,000 రెట్లు మందగిస్తుంది. ఉన్న కాస్తా వేళ్లూ సూక్ష్మజీవులూ కలిసి వాడేశాక, ఆక్సిజన్ అక్కర్లేని బ్యాక్టీరియాది రాజ్యం. ఆ మురుగు వాసన వాటి వల్లనే. ఊపిరాడని వేరు నీటిని సరిగా తీసుకోలేదు, అందుకని అడుగున నీళ్లుండగానే పైన ఆకు వాడుతుంది. వాడిన ఆకును చూసి మనం ఇంకో మగ్గు పోస్తాం. బాల్కనీ మొక్కలు ఎండి చావడం కంటే ఇలా తడిసి చావడమే ఎక్కువని నా నమ్మకం. న్యూజెర్సీ తెలుగు ఇళ్లలో మంచుకు తట్టుకోలేదని చలికాలం లోపలికి తెచ్చి పెట్టుకునే కరివేపాకుకూ ఈ గండం ఉంది. చలికి మొక్క దాదాపు నిద్రపోతుంది, నీళ్ల అవసరం బాగా తగ్గుతుంది, ప్రేమ కొద్దీ రోజూ పోసిన నీళ్లు అడుగున నిలుస్తాయి. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చి, తడి తగలకపోతేనే పోయాలి.

ఇక గోడ పక్కన అల్లుకున్న వేళ్ల సంగతి. జర్మనీలోని యూలిష్ పరిశోధన కేంద్రంలో హెండ్రిక్ పూర్టర్, ఆయన సహచరులు ఆస్పత్రుల్లో వాడే ఎంఆర్ఐ పద్ధతిలోనే కుండీల లోపలికి చూశారు. బార్లీ, షుగర్‌బీట్ మొక్కల వేళ్లు కొద్ది రోజులకే కుండీ గోడను చేరాయి. వేళ్లలో ముప్పాతిక వంతు కుండీ వెలుపలి సగంలోనే ఉంది. వేరు దొరికిన చోటల్లా పరుచుకోవడానికి చూస్తుంది, గోడ తగిలితే పక్కకు తిరిగి చుట్లు చుడుతుంది. 2012లో వాళ్లే 65 ప్రయోగాల ఫలితాలను కలిపి చూస్తే, కుండీ పరిమాణం రెట్టింపయినప్పుడు మొక్క బరువు సగటున 43 శాతం పెరిగినట్టు తేలింది. ఇంతకంటే ఆసక్తికరమైన మాట ఒకటి అందులో ఉంది: చిన్న కుండీలో మొక్క ఎదగకపోవడానికి ముఖ్య కారణం ఆకు చేసే కిరణజన్య సంయోగక్రియ మందగించడమే. కింద చోటు చాలడం లేదన్న సంగతి పైనున్న ఆకుకు తెలుస్తోంది, అది తన పనిని తగ్గించుకుంటోంది. మూడో ఏడు మల్లె ఆకు చిన్నబోవడంలో ఆశ్చర్యమేముంది!

వేళ్లన్నీ గోడ పక్కన చేరడంలో ఇంకో ప్రమాదం ఉంది. కుండీలో అన్నిటికంటే ముందు వేడెక్కేది ఆ గోడే. మే నెల పడమటి ఎండ నేరుగా తగిలే నల్ల ప్లాస్టిక్ కుండీలో గోడ పక్క మట్టి 50 డిగ్రీలు దాటగలదు. చాలా మొక్కల వేళ్లు 38-40 డిగ్రీల దగ్గరే ఎదగడం ఆపేస్తాయి. మట్టి కుండీ గోడల్లోంచి నీరు ఊరి ఆవిరవుతుంది కాబట్టి అది చల్లగా ఉంటుంది. మంచినీళ్ల కుండ చల్లబడేదీ ఇలాగే. ఆ మేరకు మట్టి కుండీకి నీళ్లు ఎక్కువ పోయాలి. ప్లాస్టిక్ కుండీయే ఉంటే దాన్ని ఇంకో పెద్ద కుండీలో దించి, నడుమ అంగుళం ఖాళీ వదిలితే గోడకు ఎండ తగలదు. పడమటి బాల్కనీ వాళ్లకు ఇంతకంటే చవకైన ఉపాయం లేదు. గుడ్డతో చేసిన గ్రో బ్యాగుల్లో వేరు అంచుకు రాగానే గాలి తగిలి కొన ఎండిపోతుంది, దాని వెనక నుంచి పిల్లవేళ్లు పుడతాయి. చుట్లు చుట్టే బాధ చాలావరకు తప్పుతుంది. అయితే ఆ సంచి త్వరగా ఆరిపోతుంది. వేసవిలో వారం రోజులు ఊరెళ్లే అలవాటున్న ఇంటికి అది పనికిరాదు.

నడుమ గట్టిపడ్డ ఎర్రమట్టి ముద్ద విషయంలో నర్సరీ వాళ్లను తప్పుపట్టడానికి లేదు. కడియం నర్సరీల నుంచి లారీ ఎక్కి వందల కిలోమీటర్లు కుదుపుల్లో ప్రయాణించే మొక్కకు వేళ్ల చుట్టూ విడిపోని మట్టి ఉండి తీరాలి. చిక్కు వచ్చేది మనం ఆ ముద్దను అలాగే తెచ్చి కోకోపిట్ ఎక్కువున్న గుల్లమట్టిలో దించినప్పుడు. పోసిన నీరు గుల్లగా ఉన్న దారి వెంట జారిపోతుంది, బిగుసుకున్న ముద్దలోకి ఇంకదు. ఒక్కసారి పూర్తిగా ఎండిందంటే దాన్ని మళ్లీ తడపడం కష్టం. తెచ్చిన రోజున కవరు తీసి ముద్దను అరగంట బకెట్ నీళ్లలో నాననిచ్చి, చుట్టూ అంగుళం మేర మట్టిని వేళ్లతో రాల్చి అప్పుడు నాటాలి.

కుండీలో మట్టి నాలుగంగుళాలు దిగిపోయిందన్నాం కదా, ఆ మట్టి ఎక్కడికి పోయింది? చాలావరకు గాల్లోకే. వర్మీకంపోస్టు, మాగిన పశువుల ఎరువు, కోకోపిట్ అన్నీ సేంద్రియ పదార్థాలు. సూక్ష్మజీవులు వాటిని తింటూ కార్బన్ డయాక్సైడుగా మార్చేస్తాయి. మిగిలింది మెత్తబడి బిగుసుకుంటుంది, సందులు పూడుకుపోతాయి. మట్టి మెత్తబడితే నిలవ నీటి పొర పెరుగుతుందని ముందే చూశాం. అంటే మొదటి ఏడు ఒక అంగుళం ఉన్న తడి పొర, మనం అదే కుండీకి అన్నే నీళ్లు పోస్తున్నా, మూడో ఏడుకు మూడంగుళాలు కావచ్చు. పైన కొత్త మట్టి నింపితే కుండీ నిండుగా కనిపిస్తుంది గానీ అడుగున పూడిన సందులు తెరుచుకోవు. కుళ్లని సరుకు మొదట్లోనే తగినంత కలిపి ఉండాలి: ముతక ఇసుక, ఇటుక ముక్కలు, వరి ఊక. ఊకలో సిలికా ఎక్కువ, అందుకే అది నెమ్మదిగా చివుకుతుంది. మూడో వంతు ఎర్రమట్టి, మూడో వంతు కడిగిన కోకోపిట్, మిగతా మూడో వంతులో సగం ఇసుక, ఇటుక ముక్కలు, సగం కంపోస్టు అన్నది బహువార్షికాలకు నేను నమ్మే లెక్క. కోకోపిట్ కడగమన్నది ఎందుకంటే కొబ్బరిపీచులో సోడియం, పొటాషియం లవణాలు ఉంటాయి, రెండు మూడు సార్లు నీళ్లు మారిస్తే చాలావరకు పోతాయి.

అంచు మీది తెల్లపొర చౌడు. బోరు నీళ్లలో కాల్షియం, బైకార్బనేట్లు ఎక్కువ. మొక్క నీటిని తీసుకుంటుంది, ఎండ కొంత నీటిని ఆవిరి చేస్తుంది, లవణాలు మాత్రం కుండీలోనే మిగులుతాయి. మట్టి క్షారగుణానికి తిరిగేకొద్దీ అందులో ఉన్న ఇనుము కరగని రూపంలోకి మారుతుంది. లేతాకు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా మిగలడం దానికి గుర్తు. దీనికి కుండీలో తుప్పు మేకులు పాతేవాళ్లున్నారు. తుప్పు కూడా కరగని ఇనుమే, ఆ మట్టిలో అది వేరుకు అందదు. ఎరువుల కొట్టులో దొరికే చీలేటెడ్ ఐరన్‌లో ఈడీడీహెచ్ఏ రకం క్షార మట్టిలోనూ పనిచేస్తుంది. అంతకంటే ముందు చేయవలసింది లవణాలను కడిగేయడం. నెలకోసారి కుండీ పట్టే నీటికి రెట్టింపు మెల్లగా పోసి, అడుగు నుంచి ధారాళంగా పోనివ్వాలి; పళ్లెంలో చేరిన నీటిని పారబోయాలి. తొలకరి వానల్లో కుండీలను రెండు రోజులు వానలో ఉంచితే ఈ పని ఇంకా బాగా జరుగుతుంది, వాన నీటిలో లవణాలు దాదాపు ఉండవు కనుక.

మట్టి ఎంత బాగున్నా ఎండ చాలకపోతే మల్లె పూయదు. రోజుకు కనీసం అయిదారు గంటల నేరుటెండ కావాలి. దక్షిణం బాల్కనీకి ఎండకేం లోటనుకుంటాం. సూర్యుడి దారి చూస్తే లెక్క మారిపోతుంది. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. కర్కటరేఖ 23.4 దగ్గర. అంటే సూర్యుడు మన నడినెత్తిని దాటి ఉత్తరానికి వెళ్లి తిరిగొస్తాడు. మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం నిలువు కర్రకు నీడ పడదు. ఆ రెండు తేదీల మధ్య సూర్యుడు ఈశాన్యం వైపు ఉదయించి, నడినెత్తికి ఉత్తరంగా సాగి, వాయవ్యం వైపు అస్తమిస్తాడు. దాదాపు మూడు నెలలు, కచ్చితంగా దక్షిణానికి తిరిగిన బాల్కనీలోకి నేరుటెండ ఒక్క నిమిషమైనా రాదు. ఏప్రిల్ మధ్యలో కూడా మధ్యాహ్నం సూర్యుడు 82 డిగ్రీల ఎత్తున ఉంటాడు. పై అంతస్తు శ్లాబు పదడుగుల ఎత్తులో ఉంటే, ఎండ నేల మీద అంచు నుంచి అడుగున్నర కూడా లోపలికి రాదు. పిట్టగోడ ఉంటే అదీ లేదు. డిసెంబరు 21 నాటికి అదే మధ్యాహ్నపు సూర్యుడు 49 డిగ్రీలకు దిగుతాడు, ఎండ ఎనిమిదడుగులకు పైగా లోపలికి పాకుతుంది. మల్లె మొగ్గ తొడిగే నెలల్లో ఎండ తగ్గుతూ వచ్చి, మొక్క విశ్రాంతిలో ఉండే నెలల్లో నిండుగా వస్తుందన్నమాట. దక్షిణం బాల్కనీకి నందివర్ధనం నప్పుతుంది, అది సగం నీడకు ఓర్చుకుంటుంది. మల్లె మీద మనసుంటే మేడ మీద చోటు అడగడం మంచిది. తూర్పు బాల్కనీకి ఏడాది పొడవునా ఉదయపు ఎండ ఉంటుంది. మల్లె, మందారం, కరివేపాకు ఏదైనా పెట్టుకోవచ్చు. ఉత్తరానికి ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండ తగులుతుంది, చలికాలమంతా వెలుగే తప్ప ఎండ ఉండదు. అక్కడ తమలపాకు తీగ హాయిగా పాకుతుంది.

పెద్ద కుండీ మేలని చెప్పాక బరువు మాట చెప్పకుండా వదలకూడదు. పన్నెండంగుళాల కుండీ తడిమట్టితో దాదాపు 30 కిలోలు తూగుతుంది. 200 లీటర్ల డ్రమ్మును సగానికి కోసి మట్టి నింపితే 150 కిలోలు దాటుతుంది. మన దేశ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం ఇళ్ల బాల్కనీలకు చదరపు మీటరుకు 3 కిలోన్యూటన్ల భారం లెక్కగట్టమంటుంది, అంటే సుమారు 300 కిలోలు. అక్కడ నిలబడే మనుషులు, వాషింగ్ మెషీన్ కూడా ఆ లెక్కలోనివే. బయటికి పొడుచుకు వచ్చిన బాల్కనీలో బరువు అంచుకు వెళ్లేకొద్దీ గోడ దగ్గరి కాంక్రీటు మీద ఒత్తిడి పెరుగుతుంది. డ్రమ్ములాంటివి గోడవైపే ఉంచి, రెయిలింగు పక్కన తేలికపాటి కుండీలు పెట్టుకోవాలి.

ఇన్ని చిక్కులున్నా కుండీ మొక్కకు ఆయువు తక్కువని అనుకోవద్దు. లండన్ క్యూ గార్డెన్స్‌లో ఒక సైకాడ్ మొక్క ఉంది, పేరు ఎన్‌సెఫలార్టోస్ ఆల్టెన్‌స్టీనీ. ఫ్రాన్సిస్ మాసన్ దాన్ని దక్షిణాఫ్రికాలో సేకరించి 1775లో క్యూకు చేర్చాడు. రెండున్నర శతాబ్దాలు గడిచాయి, కాండం నాలుగు మీటర్లు దాటింది, అదింకా కుండీ మొక్కే. 2009లో దాన్ని మళ్లీ కొత్త మట్టిలో నాటారు.

మన మల్లెకూ అదే కావాలి. రెండు మూడేళ్లకోసారి, డిసెంబరు చివర్లోనో జనవరిలోనో, గడ్డను బయటికి తీసి, పదునైన కత్తితో చుట్టూ, అడుగునా ఉన్న వేళ్లలో మూడో వంతు కోసేయాలి. చుట్టలు చుట్టుకున్న లావు వేళ్లను విప్పడానికి చూడకుండా కోయడమే మంచిది, అవి మళ్లీ తిన్నగా సాగవు. వేళ్లు తగ్గాయి కనుక పైన కొమ్మలూ సగానికి తగ్గించాలి, లేకపోతే ఆకులు అడిగినంత నీటిని మిగిలిన వేళ్లు అందించలేవు. మల్లె కొత్త చిగుళ్ల మీదే పూస్తుంది, మైలవరం రైతు ఏటా చలికాలంలో కొమ్మలు కత్తిరించి ఆకు దూసేది ఇందుకే. కరివేపాకును మాత్రం చలిలో కదపకూడదు, ఫిబ్రవరి చివర చిగురు పెట్టే వేళదాకా ఆగాలి. పాత మట్టి రాల్చి, కొత్త మిశ్రమాన్ని చుట్టూ పోసి, ఖాళీలు మిగలకుండా పుల్లతో కూరి, అడుగు నుంచి కారేదాకా నీళ్లు పోసి, పది పన్నెండు రోజులు నీడలో పెట్టాలి. కుండీ మార్చనక్కర్లేదు, కడిగి ఆరబెట్టిన ఆ పాత కుండీయే పనికొస్తుంది. నీడలో ఉన్నన్నాళ్లూ ఎరువు జోలికి పోవద్దు. కోసిన వేరుకు నీరు పీల్చే నూగు ఇంకా రాలేదు, చుట్టూ లవణం పెరిగితే ఉన్న తడి కూడా దానికి అందదు. మారాకు వేసి, చిగురు నాలుగు వేళ్ల పొడవు సాగాక కుండీని మెల్లగా ఎండలోకి జరిపి, అప్పుడు చారెడు వర్మీకంపోస్టు వేస్తే చాలు.